తిరగని ఆటోకీ కిరాయి: ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చుల లెక్కలో నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా బావగారి ఎన్నికల ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసులో ఇచ్చి, తారీఖు వేసిన రశీదు చేతికి తీసుకుని ఇంటికొచ్చాను. ఫలితాలు 2024 జూన్ 4న వచ్చాయి. అక్కణ్నుంచి 30 రోజులు, అంటే జులై 4 వరకు గడువు. రెండు రోజుల ముందే ఒడ్డున పడ్డాం. ఇంకా కోపం చల్లారలేదు, అది చల్లారేలోపే ఇది రాసిపెడితే రేపు నిలబడబోయే వాళ్లకి పనికొస్తుంది.

బావగారు ఇండిపెండెంటుగా నిలబడ్డారు, ఓడిపోయారు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటలేదు కనుక 10 వేల డిపాజిట్టూ పోయింది. ఓడిపోయినవాడు లెక్క ఇవ్వక్కర్లేదని మా ఊళ్లో సగం మంది నమ్మకం. శుద్ధ తప్పు. గెలిచినా ఓడినా, పది ఓట్లొచ్చినా, ప్రజాప్రాతినిధ్య చట్టం 78వ సెక్షన్ ప్రకారం లెక్క ఇచ్చి తీరాలి. ఇవ్వకపోయినా, ఇవ్వాల్సిన పద్ధతిలో ఇవ్వకపోయినా 10ఏ సెక్షన్ కింద మూడేళ్లు పోటీకి అనర్హత వేస్తారు. ఇది కాగితం మీది బెదిరింపు కాదు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్‌ని, ఎమ్మెల్యేగా కుర్చీలో ఉండగానే 2011లో ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చు లెక్కలో చూపలేదన్నది కారణం. ఎమ్మెల్యే పదవినే పట్టుకుపోయిన లెక్క ఇది, చిన్నచూపు చూడకండి.

నామినేషన్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, అది పెద్ద కష్టం కాదు. ఇండిపెండెంటుకి అదే నియోజకవర్గం ఓటర్లు పదిమంది ప్రతిపాదకులు కావాలి. వేలిముద్ర వేసేవాళ్లుంటే ఆ ముద్ర రిటర్నింగ్ ఆఫీసరు (ఆర్వో) ఎదుటగానీ, అధికారం ఉన్న ఆఫీసరు ఎదుటగానీ పడాలి, ఇంట్లో వేయించుకెళ్తే చెల్లదు. ఆస్తులు, కేసులు చెప్పే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఆస్తి లేకపోతే లేదని, కేసు లేకపోతే లేదని అక్షరాల్లో రాయండి. ఖాళీలు పూరించమని ఆర్వో చెప్పాక కూడా పూరించకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చేసింది. ఎన్నికల కోసం బ్యాంకులో కొత్త ఖాతా నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే తెరవాలి. అది అభ్యర్థి పేరునగానీ, అభ్యర్థి, ఎలక్షన్ ఏజెంటు ఇద్దరి పేరునగానీ ఉండాలి. ఏజెంటు కాని భార్య పేరో కొడుకు పేరో కలిపితే కుదరదు.

నామినేషన్ వేసిన రోజే ఆర్వో ఆఫీసులో ఒక రిజిస్టరు ఇచ్చారు. మొత్తం కథ ఇందులోనే ఉంది.

నేను ఇరవై ఏళ్లుగా రైసుమిల్లులో పద్దులు రాస్తున్నాను. చిట్టా, ఆవర్జా నాకు కంఠోపాఠం. మా మిల్లులో సంవత్సరాంతం లెక్క పైసా తేడా లేకుండా తేల్చిన రోజులే ఎక్కువ. ఆ ధైర్యంతోనే బావగారు ఫారం 8 మీద నన్ను ఏజెంటుగా వేశారు. కానీ ఈ రిజిస్టరు మిల్లు లెక్కలా నడవదు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. గులాబీ, పసుపు కలిపితే తెల్లకి సరిపోవాలని నేను రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను. సరిపోదు, సరిపోనక్కర్లేదు. తెల్ల పేజీల్లో మన జేబులోంచి పోయినదే కాదు, మన కోసం ఎవరు పెట్టినా ఆ ఖర్చు రావాలి. ఒకాయన అభిమానంతో ఇచ్చిన నలభై టిఫిన్లు, ఊరికే తిప్పిన ఆటో, నామినేషన్‌కి ముందు కొని తర్వాత వాడిన కండువాలు, అన్నీ. డబ్బు చేతులు మారలేదు కాబట్టి గులాబీలో ఉండదు, లాభం మనకి వచ్చింది కాబట్టి తెల్లలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే నా రెండు రాత్రులు మిగిలేవి.

ఒక్కరికి, ఒక్క దుకాణానికి మొత్తం ఎన్నికల్లో కలిపి 10 వేలకి మించి నగదు ఇవ్వకూడదు. రోజుకి 10 వేలు అనుకుని మైకు సెట్టు వాళ్లకి విడతలుగా నగదు ఇచ్చిన ఏజెంట్లు నాకు తెలుసు. దాటితే చెక్కో, ఆన్‌లైనో. ప్రతి వోచరుకీ తారీఖు వరసన నంబరు వేయాలి. తపాలా, రైలు టికెట్టు లాంటి వాటికి తప్ప రశీదు లేని ఖర్చు ఉండకూడదు. కరపత్రం వేయిస్తే ప్రింటరు పేరు, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామాలు దాని మీదే ఉండాలి. మా కరపత్రాల కట్ట విప్పగానే నేను మొదట చూసింది ఆ అడుగు వరసే.

మా అసెంబ్లీ ఎన్నికకి ఖర్చు పరిమితి 40 లక్షలు. మా ఖర్చు అందులో పదోవంతు కూడా లేదు. అందుకే మాకేం భయం అనుకున్నాను. భయం పరిమితి దగ్గర ఉండదు, తేడా దగ్గర ఉంటుంది. మనం రాసుకునే రిజిస్టరుకి జంటగా అధికారులు మన పేరున ఇంకొకటి రాస్తారు, షాడో రిజిస్టరు అంటారు. మన మీటింగుకి వీడియో టీం వస్తుంది, తీసిన వీడియోని ఇంకో టీం కూర్చుని చూస్తుంది, కుర్చీలు, ఫ్లెక్సీలు, బళ్లు లెక్కపెడుతుంది, జిల్లా రేట్ల పట్టిక ప్రకారం వెల కడుతుంది. ప్రచారం రోజుల్లో మూడుసార్లు మన రిజిస్టరు తీసుకెళ్లి ఆ రెండో రిజిస్టరుతో పోల్చి చూపాలి. వెళ్లకపోతే నోటీసు, బళ్ల పర్మిషన్ రద్దు, కేసు దాకా వెళ్లొచ్చు.

మొదటి తనిఖీ పది నిమిషాల్లో అయిపోయింది. రెండోది మే 7 సాయంత్రం.

ఒక పెద్ద హాలు. గోడ వెంట బల్లలు, బల్లకో ఉద్యోగి, ఎదురుగా అందరు అభ్యర్థుల మనుషులూ. మా వంతు వచ్చింది. రిజిస్టరు తిప్పిన ఉద్యోగి చిన్నగా చెప్పొచ్చు. చెప్పలేదు. హాలంతా వినపడేలా, "ఏమండీ, మూడు ఆటోలకి పర్మిషన్ తీసుకుని ఒక్కదానికే రాశారేంటి? ఖర్చు దాస్తున్నారా?" అన్నాడు. పెద్ద పార్టీల ఏజెంట్లు అటు తిరిగి చూశారు. లక్షల్లో తిరిగే వాళ్ల బళ్ల మధ్య మా రెండు ఆటోల గురించి నన్ను దొంగని చేసి నిలబెట్టారు. ఇరవై ఏళ్లలో నా లెక్క మీద ఆ మాట ఎవరూ అనలేదు.

జరిగింది ఇది. మూడు ట్రాలీ ఆటోలకి ఏప్రిల్ 30 నుంచి మే 11 దాకా పర్మిషన్ తీసుకున్నాం. నాలుగు రోజులు తిరిగాక, మే 4 నుంచి రెండు ఆటోలు ఆగిపోయాయి. డబ్బు చాలక మేమే ఆపేశాం. నేను నిజాయితీగా మే 6 దాకా ఒక ఆటోకి ఏడు రోజులు, మిగతా రెండింటికి నాలుగేసి రోజులు, మొత్తం పదిహేను రాశాను. షాడోలో మూడేడ్ల ఇరవై ఒకటి. రోజుకి 1,500 చొప్పున ఆరు రోజుల తేడా 9,000. పెట్రోలు బంకు రశీదులు చూపించాను. ఆ డ్రైవరు తన సొంత కిరాయికి వెళ్లాడని చెప్పాను. వినలేదు.

తర్వాత నియమం చదివితే అర్థమైంది, తప్పు మాదే. పర్మిషన్ తీసుకున్న బండి రెండు రోజులకి మించి వాడకపోతే ఆ సంగతి ఆర్వోకి రాసిచ్చి, పర్మిషన్ వెనక్కి ఇచ్చేయాలి. ఇవ్వనంత కాలం అది తిరిగినట్టే లెక్క. ఆటో ఇంటి ముందు నీడన నిలబడి ఉన్నా సరే, అద్దానికి ఆ కాగితం అతికి ఉంటే కిరాయి మన ఖాతాలో పడుతుంది. నియమం సబబే. లేకపోతే పది పర్మిషన్లు తీసుకుని పది బళ్లూ తిప్పి, నాలుగే తిరిగాయనే వాళ్లని ఎవరు పట్టుకుంటారు? నా కోపం నియమం మీద కాదు, ఆ మాట అన్న తీరు మీద.

రెండో తేడా కుర్చీలు. ఒక ఊళ్లో కల్యాణమండపంలో మీటింగు పెట్టాం. వీడియోలో 300 కుర్చీలు లెక్కపెట్టి, కుర్చీకి 10 చొప్పున 3,000 వేశారు. ఆ కుర్చీలు మండపానివే, అద్దెలోనే కలిసి ఉన్నాయి. కానీ మా రశీదు మీద "హాలు అద్దె" అన్న రెండే మాటలున్నాయి. కుర్చీలు, ఫ్యాన్లు, కరెంటుతో సహా అని ఒక్క ముక్క రాయించుకుని ఉంటే గొడవే లేదు. మైకు సెట్టు బిల్లుకీ ఇదే వర్తిస్తుంది, ఎన్ని బాక్సులు, ఎన్ని గంటలు, జనరేటరు ఉందా లేదా, అన్నీ బిల్లు మీదకి రావాలి. ఆటో రేటులో డ్రైవరు బత్తా, ఇంధనం కలిసి ఉన్నాయా లేవా అన్నదీ పట్టికలో చూసుకోండి. కలిసి ఉన్న రేటుకి మళ్లీ పెట్రోలు విడిగా రాసి, ఒకే ఖర్చుని రెండుసార్లు వేసుకున్నవాళ్లు ఆ హాల్లోనే ఇద్దరు కనపడ్డారు.

12,000 తేడాకి నోటీసు చేతిలో పెట్టారు. జవాబుకి 48 గంటలు. జవాబు ఇవ్వకపోతే వాళ్ల లెక్కే ఖాయమవుతుంది. "మన ఖర్చే తక్కువ కదా, వాళ్లు వేసుకుంటే వేసుకోనీ" అన్నారు చుట్టూ ఉన్న కుర్రాళ్లు. నేను ఒప్పుకోలేదు. జవాబు లేని తేడా జిల్లా అధికారి పంపే నివేదికలో ఖర్చు తక్కువ చూపారన్న మాటగా మిగిలిపోతుంది. రేపు మళ్లీ నిలబడితే ఎదుటివాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

మే 8 పొద్దున్నే రెండు ఆటోల పర్మిషన్ కాగితాలు అద్దాల మీంచి జాగ్రత్తగా ఊడదీసి, అర్జీతో ఆర్వో ఆఫీసులో ఇచ్చి, అర్జీ రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర కోసం గంటన్నర నిలబడ్డాను, ముద్ర లేకుండా కదలనని చెప్పాను. మండపం మేనేజరు గారి దగ్గర కుర్చీలు అద్దెలో భాగమేనని లెటరు రాయించాను. 9వ తారీఖు పొద్దున జవాబు ఇచ్చాను. కుర్చీల విషయం మా మాటే ఒప్పుకున్నారు. ఆటోలు ఒప్పుకోలేదు. మే 4 నుంచి 7 దాకా నాలుగు రోజులు, రెండు ఆటోలు, 12,000 తెల్ల పేజీలో చేర్చాను. పక్కన "పర్మిషన్ వెనక్కి ఇవ్వనందున చేర్చినది, చెల్లింపు లేదు" అని రాశాను. గులాబీలో, పసుపులో ఆ మొత్తం లేదు. ఆ వరస రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. కిరాయి కట్టని బండికి పద్దు రాయడం నా వృత్తిలో అదే మొదలు.

మూడో తనిఖీలో తేడా సున్నా. అదే ఉద్యోగి సంతకం పెట్టి రిజిస్టరు ఇచ్చాడు. ఈసారి మాట మెల్లగానే వచ్చింది.

ఇంకొక్కటి, దీనికి మాత్రం నన్ను నేను క్షమించుకోలేను. రేట్ల పట్టిక ఖరారు చేసేముందు అభిప్రాయాలు అడుగుతారు. అందరూ నామినేషన్ హడావుడిలో ఉండి దాన్ని వదిలేస్తారు. కుర్చీకి, షామియానాకి, టిఫిన్‌కి మీ ఊళ్లో అసలు రేటెంతో నాలుగు దుకాణాల కొటేషన్లు పట్టుకెళ్లి అభ్యంతరం చెప్పాల్సింది అప్పుడే. పట్టిక ఖరారయ్యాక అరిచి లాభం తక్కువ.

ఫలితాలొచ్చిన 26వ రోజున రెండు రిజిస్టర్లూ ఆఖరిసారి సరిచూసే మీటింగు పెడతారు. మర్చిపోకుండా వెళ్లండి, మిగిలిన తేడా అక్కడే తేల్చుకోవచ్చు. ఇవ్వాల్సినవి: అసలు రిజిస్టరు, నంబర్లు వేసిన వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, అబ్‌స్ట్రాక్టు (మొత్తం ఖర్చుల సారాంశ పత్రం), అఫిడవిట్. అబ్‌స్ట్రాక్టు మీద అభ్యర్థే సంతకం పెట్టాలి, ఏజెంటు పెడితే ఒప్పుకోరు. ఓడిపోయిన అభ్యర్థులు ఆ వారంలో తిరుపతో, కూతురింటికో వెళ్లిపోతుంటారు. బావగారిని నేను కదలనివ్వలేదు. ఇచ్చే ముందు మొత్తం ఒక సెట్టు జిరాక్సు తీయించుకోండి. రూపాయి ఫీజు కట్టి ఎవరైనా ఆ లెక్కని చూడొచ్చు, మన దగ్గర ప్రతి లేకపోతే ఎవరేం అడిగినా జవాబు ఉండదు.

మా సెట్టు మిల్లు బీరువాలో, ఈ ఏడాది ఆవర్జా పక్కన పెట్టాను. ఆటోల అర్జీ ముద్ర పడిన ప్రతి అన్నిటికన్నా పైన ఉంది.