తల చూస్తూ మెడ సంగతి మరిచాను

పాపకు మూడో నెల. స్నానం చేయించి తల తుడుస్తుంటే కుడి చెవి వెనక భాగం అరచేతికి పలకలా తగిలింది. పైనుంచి చూస్తే కుడి చెవి ఎడమ చెవి కంటే కాస్త ముందుకు జరిగి ఉంది. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తల చదునుగా ఉన్న పిల్లలకు కూర్చోవడం, నడవడం ఆలస్యమవుతాయని ఎక్కడో చదివాక ఇక నిద్ర పట్టలేదు.

డాక్టర్ మాడు తడిమి, పుర్రె అతుకుల వెంట వేలు పోనిచ్చి చూశారు. అతుకులు ముందే మూసుకుపోతే అక్కడ గట్టులా తగులుతుందట. అది వేరే సమస్య, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. పాపది అది కాదు, ఒకే పక్కకు తిరిగి పడుకోవడం వల్ల మెత్తటి పుర్రె అణిగింది. పేరు మాత్రం భయపెట్టేలా ఉంది: పొజిషనల్ ప్లేజియోకెఫలీ.

"ఎడమవైపు తిరిగి చూస్తుందా?" అని అడిగారాయన. నేనెప్పుడూ గమనించలేదు. గిలక్కాయ ఆడిస్తే తల మధ్యదాకా వచ్చి ఆగిపోయింది, కళ్లు మాత్రమే ఎడమకు వెళ్లాయి. ఎడమ పక్క మెడ కండరం బిగుసుకుపోయి ఉంది. మూడు నెలలుగా ఎత్తుకుని తిరుగుతున్నది నేనే!

బోర్లా పడుకోబెడితే సరిపోతుందా అన్నాను. నిద్రలో వద్దే వద్దన్నారు. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పాక, అక్కడ నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గిందట. సొట్ట తలలు ఎక్కువగా కనిపించడమూ ఆ తర్వాతేనట. బోర్లా వేయాల్సింది మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనుండగా.

నా అసలు భయం నడక. పరిశోధనల్లో ఇలాంటి పిల్లలకు కదలికల మార్కులు సగటున కొంచెం తక్కువ వచ్చిన మాట నిజమేనన్నారు. కానీ తల వల్లే ఆలస్యమని అవి తేల్చలేదు. తక్కువ కదిలే పాప ఒకే పక్కకు పడుకుని ఉంటుంది, అందుకే తల అణుగుతుంది అని కూడా అనుకోవచ్చు కదా. తల ఆకారం సరిచేయడానికి పిల్లలకు పెట్టే హెల్మెట్ గురించి అడిగాను. రోజుకు 23 గంటలు పెట్టాలి. 2014లో నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, రెండేళ్లు వచ్చేసరికి హెల్మెట్ పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ తల ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా లేదట. ముందు మెడ సంగతి చూద్దామన్నారు.

బోర్లా వేస్తే అర నిమిషంలో ఏడుపు. ఫిజియోథెరపిస్ట్ చిట్కా పనిచేసింది: నేల మీద కాదు, నా ఛాతీ మీద. తర్వాత చంకల కింద చుట్టిన తువ్వాలు. ఉయ్యాలలో తల పెట్టే దిక్కు మార్చాం, బొమ్మలన్నీ ఎడమకు చేర్చాం, నేర్పించిన మెడ వ్యాయామాలు డైపర్ మార్చిన ప్రతిసారీ చేశాం. మావారు రోజూ తల కొలుస్తానంటే టేపు దాచేశాను.

బోర్లా పడింది ఏడున్నర నెలలకు. ఆసరా లేకుండా కూర్చుంది తొమ్మిదికి. ఆరోగ్యవంతులైన పిల్లలు దీన్ని 9.2 నెలల లోపు సాధిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఉంది, అంటే అంచు మీద నిలబడ్డాం. నడక పదహారో నెలలో.

ఇప్పుడు నాలుగేళ్లు. జుట్టు తడిస్తే ఆ పక్క పలక ఇంకా కొద్దిగా తెలుస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఇప్పటికీ ఎడమవైపు నిలబడే పిలుస్తాను.