కాకినాడ ప్రయోగం, మా ప్యాకింగ్ లైను

ఎంబీఏ చదివినవాళ్లలో చాలామందికి కాకినాడ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఆంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. మాది కాకినాడే కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ గుర్తు. కాజా తర్వాత మా ఊరికి పేరు తెచ్చింది ఇదేనని క్లాసులో గొప్పలు పోయేదాన్ని.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్దిరోజుల శిక్షణ ఏర్పాటు చేశాడు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఆ సంస్థే. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవాళ్లు. రాసిన కథలో ఏదైనా సాధించాలన్న ఆలోచన ఎంతుందో వాళ్లచేతే వెతికించేవాళ్లు. ఇక రింగుల ఆట. ఎదురుగా ఒక మేకు, చేతిలో రింగులు, ఎంత దూరం నుంచి వెయ్యాలన్నది ఆడేవాడి ఇష్టం. మరీ దగ్గర నిలబడితే పడినా గొప్పేం లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. పట్టుదల ఉన్నవాడు మధ్యలో నిలబడతాడని మెక్లెలాండ్ లెక్క.

వేలూరు నుంచి కూడా కొందరిని పిలిచి శిక్షణ ఇచ్చారు. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది వ్యాపారంలో చురుగ్గా కనిపించారు. శిక్షణ లేనివాళ్లలో పావు వంతే. కులం, పాత నమ్మకాలు, కట్టూబొట్టూ ఇవేవీ అడ్డు రాలేదనీ తేలింది. ఏ చిన్న తేడా వచ్చినా "మనవాళ్ల మైండ్‌సెట్ అంతే" అనే మేనేజర్లకు ఆ ముక్క ఫ్రేము కట్టించి ఇవ్వాలనిపిస్తుంది నాకు.

పరీక్షకి అంతవరకు చాలు. అయితే 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ రాసిన పుస్తకంలో నోట్సులోకి ఎక్కని మాట ఒకటుంది. శిక్షణ ఫలితం కనిపించింది ముఖ్యంగా వ్యాపారం తమ చేతిలో ఉన్నవాళ్లలోనే. గల్లాపెట్టె దగ్గర ఇంకా నాన్నగారో అన్నగారో కూర్చునే ఉంటే, కొడుకు ఎంత ఉత్సాహంతో తిరిగొచ్చినా ఏం చేస్తాడు?

నా ఉద్యోగం హైదరాబాద్ శివార్లలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో, ట్రైనింగ్ సెక్షన్‌లో. మా పరిశ్రమలో ఏదైనా డీవియేషన్, అంటే రాసిపెట్టిన పద్ధతికి తేడా, వస్తే కారణం గడిలో 'మానవ తప్పిదం' అనీ, దిద్దుబాటు గడిలో 'రీట్రైనింగ్' అనీ రాసేసి ఫైలు మూసెయ్యడం మహా తేలిక. అలా మూసిన ఫైళ్లు నా టేబుల్ మీదికి వచ్చి ట్రైనింగ్ క్యాలెండర్ అవుతాయి. అవి చాలవన్నట్టు ఏడాదికోసారి బయటినుంచి మోటివేషన్ ట్రైనర్ వస్తాడు. పోయినసారి వచ్చినాయన క్యాంటీన్‌లో బల్లలు పక్కకి జరిపించి, బ్లిస్టర్ ప్యాకింగ్ (మాత్రల్ని ఫాయిల్ స్ట్రిప్పుల్లో సీలు చేసే లైను) ఆపరేటర్ల చేత రింగుల ఆట ఆడించాడు. కాకినాడ పేరు కూడా ఎత్తాడు. నా ముఖం వెలిగిపోయిందని నా పక్కన కూర్చున్నామె తర్వాత చెప్పింది.

ఆట బాగానే జరిగింది. అందరూ నవ్వారు, ఫొటోలు దిగారు. బయటికొస్తుంటే నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన, నాకంటే పదేళ్లు పెద్ద, అన్నాడు: "దూరం మాత్రం నన్నే చూసుకోమన్నారు మేడం. లైను స్పీడు గురించి ఎప్పుడైనా అడిగారా?"

విషయమేంటంటే, ఫాయిల్ రోల్ మార్చగానే కాసేపు సీలింగ్ సరిగ్గా కూర్చోదు. స్ట్రిప్ అంచున వేలితో నొక్కితే ఫాయిల్ కొద్దిగా లేస్తుంది. స్పీడు కాస్త తగ్గిస్తే సర్దుకుంటుందని ఆయనకు తెలుసు. ప్రతి బ్యాచ్ ఎలా తయారు చెయ్యాలో రాసి ఉండే బ్యాచ్ రికార్డులో స్పీడుకి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసే ఉన్నాయి. కానీ గరిష్ఠం దగ్గరే నడపాలన్నది ఎక్కడా రాయని రూలు. తగ్గించాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి, ఆయన ప్రొడక్షన్ హెడ్‌కి ఫోన్ చెయ్యాలి. రాత్రి రెండింటికి ఆ ఫోన్ ఎవరు చేస్తారు? రిజెక్టు డబ్బా నిండుతుంది. పొద్దున్నే ఆపరేటర్ పేరు మీద ఒక కాగితం, నాకు ఇంకో రీట్రైనింగ్.

మెక్లెలాండ్ లెక్క ప్రకారం చూసినా ఈయనకి లోటు పట్టుదల కాదు, అధికారం. దుకాణం సొంతదారుల మీద ఫలితమిచ్చిన మందుని, మీట నొక్కే అనుమతి కూడా లేని మనిషికి డోసు పెంచి ఇస్తున్నాం.

ఇదంతా రివ్యూ మీటింగ్‌లో చెప్తే "ట్రైనింగ్ ఇచ్చాం కదమ్మా, ఇంకేం కావాలి" అన్నారు. నాలుగు మీటింగులు తిరిగాక ఒక లైనులో ఒప్పుకున్నారు, అదీ క్వాలిటీవాళ్లు నా పక్కన నిలబడ్డాక. రికార్డులో ఉన్న పరిధి లోపల స్పీడు ఆపరేటరే మార్చుకోవచ్చు, కారణం లాగ్‌బుక్‌లో రాస్తే చాలు. ఇప్పుడా లైనులో రోల్ మార్పు దగ్గర రిజెక్టులు తగ్గాయి. దీన్ని ప్రయోగం అనను, పక్క లైనుతో పద్ధతిగా పోల్చలేదు, పైగా అదే నెలలో ఫాయిల్ సప్లయర్ కూడా మారాడు. ఆ లాగ్‌బుక్ మాత్రం తప్పకుండా తిరగేస్తుంటాను. 'రోల్ అంచు తడి', 'ఏసీ ఆగింది' లాంటి కారణాలు అందులో ఉన్నాయి. మా డీవియేషన్ ఫారాల్లో ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు.

వచ్చే నెల ట్రైనర్ మళ్లీ వస్తున్నాడు, లిస్టు పంపమన్నాడు. ఈసారి ప్రొడక్షన్ హెడ్, ప్లాంట్ మేనేజర్, షిఫ్ట్ ఇన్‌చార్జుల పేర్లు రాసి పంపాను. ఒకాయన అప్పుడే లీవు పెట్టేశాడు.