చరిత్ర చదివితే ఏమొస్తుంది?

ఎం.ఏ. చరిత్ర అనగానే చుట్టాలందరూ అడిగేది ఒక్కటే: ఉద్యోగం వస్తుందా అని. వస్తుంది. బోధన, మ్యూజియంలు, పురావస్తు శాఖ, గ్రూప్స్... దారులున్నాయి.

కానీ నా మనసంతా ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ పత్రాలు దాచే చోటు) మీదే ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కన్ కాగితాలు అక్కడున్నాయి, పర్షియన్‌లో. వాటిలో సైనికుల హాజరు పట్టీలు చూశాను. సిపాయి ముఖం మీది మచ్చ, గుర్రం రంగు, దానికి వేసిన ముద్ర, అన్నీ రాసిపెట్టారు! పెద్ద పుస్తకాల్లో చోటు దొరకని మామూలు మనుషులు వాళ్లు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇవి చదవగలిగేవాళ్లు చాలా తక్కువ. రాళ్ల మీద, రాగి రేకుల మీద చెక్కిన శాసనాలు చదవడానికైతే మైసూరులో భారత పురావస్తు సర్వేక్షణ వారి విభాగమే ఉంది. డిగ్రీలో చరిత్ర తీసుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పర్షియన్, మోడీ లిపి (పాత మరాఠీ కాగితాలు రాసిన లిపి), పాత తెలుగు లిపి, వీటిలో ఏదో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టండి.