నాగావళి బురదలో బ్యాక్టీరియా, ఆఫీసులో ఫైలు: నా అనుభవం

పేపర్ యాక్సెప్ట్ అయిందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. నాగావళి బురదలోంచి తీసిన మా పసుపు బ్యాక్టీరియాకి ఇక అధికారికంగా ఓ పేరుంటుంది. సంతోషంగానే ఉంది గానీ, అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నా.

ల్యాబ్ పని సాఫీగానే సాగింది. శ్రీకాకుళంలో పాత వంతెనకి దిగువన, ఇసుక ట్రాక్టర్లు తొక్కని చోటు వెతుక్కుని, నీటి అంచున మెత్తటి బురద తీసి ఐస్ బాక్సులో తెచ్చాం. పలచన చేసి, బ్యాక్టీరియాని పెంచే ఆర్2ఏ అగర్ ప్లేట్ల మీద పరిచాం. ఈ అగర్‌లో పోషకాలు తక్కువ. ఏటి నీళ్లలో అరకొర తిండితో బతికేవాటికి అదే నప్పుతుంది. కొన్నాళ్లకి అంచులు పల్చగా పాకిన పసుపు కాలనీ ఒకటి లేచింది. దాని మీద 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు, క్షణంలో ఎర్రబారింది. ఆమ్లం తగిలించగానే మళ్లీ పసుపు. అంటే ఫ్లెక్సిరూబిన్ అనే రంగు పదార్థం ఉందన్నమాట. ఫ్లేవోబాక్టీరియం అయి ఉంటుందని అప్పుడే అనుకున్నా, అదే అయింది. ఈ ప్రజాతిలో ఇప్పటికే రెండొందలకు పైగా జాతులున్నాయి. చేపలకి జబ్బు తెచ్చే కొలమ్నేర్ కూడా వీటిలోదే. మాది అలాంటి పనులేవీ చేయదు.

బ్యాక్టీరియాల బంధుత్వం తేల్చడానికి వాడే 16ఎస్ జన్యువు చదివిస్తే దగ్గరి బంధువుతో 97.9 శాతమే కలిసింది. 98.7 కంటే తక్కువ వస్తే కొత్త జాతి అయ్యే అవకాశం ఉంది. అవకాశం మాత్రమే! ఈ ఒక్క అంకె చూసి వాట్సాప్ స్టేటస్‌లో 'కొత్త జీవిని కనుగొన్నాం' అని పెట్టేసేవాళ్లని చూశాను. ఆ తర్వాత వాళ్ల నుంచి చప్పుడుండదు. మొత్తం జీనోమ్, అంటే జన్యు సమాచారమంతా చదివించాలి. రెండు జీనోమ్‌లని కంప్యూటర్లో పోల్చే లెక్కలు రెండున్నాయి: దగ్గరి జాతితో పోలిక ఏఎన్ఐలో 95-96 శాతం కంటే, డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్‌లో 70 శాతం కంటే తక్కువ రావాలి. మాకు రెండూ చాలా కిందే వచ్చాయి. ఆ దగ్గరి జాతి టైప్ స్ట్రెయిన్‌ని, అంటే ఆ జాతికి ఆధారంగా దాచిన అసలు నమూనాని, డబ్బు పెట్టి తెప్పించుకుని, రెండిటినీ పక్కపక్కనే పెంచి, కొవ్వు ఆమ్లాలు, క్వినోన్లు, ఎంజైములు అన్నీ పోల్చాలి. విసుగు పుట్టించే పనే కానీ అవమానం లేని పని.

అవమానం ఆ తర్వాత మొదలైంది. కొత్త మొక్కకి పేరు పెట్టాలంటే ఎండబెట్టిన రెమ్మ భద్రపరిస్తే చాలు. బ్యాక్టీరియా అలా కాదు, ప్రాణంతో ఉండాలి. 2001 జనవరి నుంచి ఉన్న నియమం ప్రకారం రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో, అంటే సూక్ష్మజీవుల్ని ప్రాణంతో భద్రపరిచే కేంద్రాల్లో దాచాలి. దాచినట్టు వాళ్లిచ్చే సర్టిఫికెట్లు లేకపోతే పేరు చెల్లదు. జీనోమ్‌నే ఆధారంగా ఒప్పుకునే సీక్‌కోడ్ అనే మరో పద్ధతి 2022లో వచ్చింది గానీ, మా గైడ్ గారు పాత దారే మంచిదన్నారు. మన దేశంలో చండీగఢ్‌లో, పుణెలో ఇలాంటి కలెక్షన్లున్నాయి. ఇక్కడి డిపాజిట్‌కి ఇబ్బంది రాలేదు. విదేశానికి పంపాలంటే మాత్రం 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. చట్టం మీద నాకేమీ కోపం లేదు. గాయాలకి పసుపు వాడటం మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే, మన ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించాల్సి వచ్చింది. కాపలా ఉండాల్సిందే.

గొడవంతా మా దగ్గరే. నేను రీసెర్చ్ చేసే చోటు పేరు చెప్పను, చెబితే నా తర్వాతి ఫైలు కదలదు. దరఖాస్తు మీద పెద్దాయన సంతకం కావాలి, ఆ సంతకం సెక్షన్ సూపరింటెండెంట్ చేతుల మీదుగా రావాలి. ఆయన కాగితం చూసి, పెన్ను కొనతో ఫోల్డర్‌ని పక్కకి నెట్టారు.

"ఏటమ్మా ఇది, కరోనా లాంటిదేటి?"

"కాదండీ. ఏటి బురదలోదండీ. జబ్బు చెయ్యదు."

"సీసా గానీ తెచ్చేవా ఇక్కడికి?"

తేలేదని చెప్పాక జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుని మళ్లీ కాగితం అందుకున్నారు. పార్సిల్ విలువ అన్నచోట నేను 'వాణిజ్య విలువ లేదు' అని రాశాను. అందరూ అలాగే రాస్తారు. ఆయన హాలంతా వినబడేలా చదివి, "విలువ లేందానికి సారు సంతకమెందుకమ్మా? చెత్తబుట్టలో వేసీ!" అన్నారు. టేబుళ్ల దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ఫీజు రసీదు కోసం నిలబడ్డ డిగ్రీ పిల్లలు కూడా నవ్వారు. వాళ్లలో ఇద్దరికి నేనే ప్రాక్టికల్స్ చెప్తాను.

సరే, విలువ రూ.500 అని మార్చి తీసుకెళ్లాను. ఈసారి ఫైలు అకౌంట్స్‌కి వెళ్లింది. ఐదొందల వస్తువైతే స్టాక్ రిజిస్టర్లో ఉండాలట. ఎంట్రీ నంబరు ఎంత, బిల్లు ఏదీ, ఎక్కడ కొన్నారు? కొనలేదండీ, నాగావళిలోంచి తెచ్చాం అన్నాను. అంతే, సూపరింటెండెంట్ గారికి కొత్త ఆలోచన వచ్చేసింది. "ఏట్లోంచి తెచ్చేరంటే మైన్స్ వాళ్ల పర్మిషన్ ఉండాల కదమ్మా!"

మేం తెచ్చింది చెంచాడు బురద. అదే ఏట్లోంచి ట్రాక్టర్ల కొద్దీ ఇసుక రాత్రుళ్లు తరలిపోతుంటే అడిగే నాథుడు లేడు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. గైడ్ గారికి చెప్తే "ఆయనతో ఎందుకమ్మా, కాస్త సర్దుకో" అన్నారు. అంతర్జాతీయ సదస్సుల్లో గంటసేపు మాట్లాడే మనిషి, కింది అంతస్తుకి వచ్చి రెండు ముక్కలు మాట్లాడలేకపోయారు. పేపర్లో ల్యాబ్ పెద్దకి దక్కే ఆఖరి పేరు మాత్రం ఆయనదే.

చివరికి గట్టెక్కించింది ఆ సెక్షన్లోనే మూల కూర్చునే టైపిస్ట్ మేడం. నేను మెట్ల మీద కూర్చుని ఉంటే వచ్చి, "ఫైలు సబ్జెక్ట్‌లో పార్సిల్ అని రాసేరు, అందుకే ఇదంతా. పరిశోధన అనుమతి దరఖాస్తు అని మార్చీ. విలువ గొడవ కొరియర్ కాగితంలోది, దానికి మీ హెచ్.ఓ.డి. లెటర్ చాలు, ఇక్కడికి తేవక్కర్లేదు" అన్నారు. రెండు కాగితాలూ విడదీశాం. మర్నాడు సంతకం అయిపోయింది. సూపరింటెండెంట్ గారు చూశారో లేదో కూడా తెలీదు.

చెన్నై నుంచి అనుమతి వచ్చాక పంపడం పెద్ద పని కాదు. ఊళ్లో కొరియర్ అబ్బాయి బ్యాక్టీరియా అనగానే దండం పెట్టేశాడు, విశాఖ వెళ్లి పంపాను. అవతలివాళ్లు పెంచి చూసుకుని, స్వచ్ఛంగా ఉందని నిర్ధారించుకుని సర్టిఫికెట్ పంపారు. ఒకే స్ట్రెయిన్‌తో జాతిని వర్ణించడమేమిటని రివ్యూయర్ సణిగాడు గానీ ఆపలేదు.

పేరు విషయంలో మాత్రం నేను తగ్గలేదు. ఫలానా పెద్దమనిషి పేరు పెడితే ల్యాబ్‌కి నిధులొస్తాయని సలహాలొచ్చాయి. ఒడిశా కొండల్లో పుట్టి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసేదాకా ఈ ఏరు ఎవరినీ నిధులడగలేదు. నాగావళెన్సే అనే పెట్టాను.

ఈ దారిన వచ్చేవాళ్లకి చెప్పేదేమిటంటే, డిపాజిట్ కాగితాలు జీనోమ్ రిపోర్ట్ వచ్చిన రోజే మొదలెట్టండి, పేపర్ రాశాక కాదు. ఆఫీసర్ని కాదు, టైపిస్ట్‌ని అడగండి. స్ట్రెయిన్‌ని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 ఫ్రీజర్లో పెట్టినా, రెండో సెట్టు వేరే ఊళ్లో తెలిసినవాళ్ల ల్యాబ్‌లో ఉంచండి. మన దగ్గర తుఫానొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. జనరేటర్లో డీజిల్ పోయించాలంటే మళ్లీ ఆ సెక్షన్‌కే వెళ్లాలి.