చీటీ కాగితమంత చోటు

ఈ సాయంత్రం సరుకులకు వెళ్లి గుడ్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. నెలాఖరు కావడంతో ఒక్కో వస్తువుకు ఎంత ఖర్చు పెట్టవచ్చో ముందే చీటీ మీద రాసుకున్నాను. ఒక అట్టపెట్టె మీద ప్రత్యేకంగా ఏమీ లేదు. రెండోదాని మీద బోనుల్లో పెట్టకుండా పెంచిన కోళ్ల గుడ్లని రాసి ఉంది, వెల దాదాపు రెట్టింపు.

ఆ తేడా అంతా వ్యాపారి లాభమేనని నేను అనుకోను. బోనులోని పెట్ట పెద్దగా కదలదు కనుక తక్కువ మేతతో సరిపెట్టుకుంటుంది. వాలుగా ఉన్న తీగల మీదుగా గుడ్లు వాటంతటవే దొర్లి ముందుకు వస్తాయి. అంతస్తులుగా పేర్చిన బోనుల వల్ల ఒకే షెడ్డులో ఎన్నో కోళ్లు పడతాయి. నేల మీద తిరిగే కోళ్లకు చోటూ, మేతా, చూసుకునే మనుషులూ ఎక్కువ కావాలి. అంటే చౌక గుడ్డు మీద నాకు మిగిలే డబ్బులో కొంత ఆ కోడికి దక్కని చోటు నుంచి వచ్చిందే.

ఆ చోటు ఎంతో ఇంటికి వచ్చాక చూడాలనిపించింది. యూరోపియన్ యూనియన్ 2012 జనవరి నుంచి నిషేధించిన పాత తరహా బోనుల్లో ఒక్కో కోడికి ఇవ్వవలసిన కనీస చోటు 550 చదరపు సెంటీమీటర్లు. నేను చీటీ రాసుకున్న ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని నేల మీద పరిచి, అంతకన్నా తక్కువ చోటులో రెక్కలు చాపలేక, మట్టిలో పొర్లలేక, గుడ్డు పెట్టే వేళ గూడు కోసం వెతుక్కునే తపన తీరే దారి లేక నెలల తరబడి నిలబడే పెట్టను ఊహించుకుంటే మనసు కలత చెందింది.

ఖరీదైన పెట్టె కొన్నంత మాత్రాన అన్నీ సరిపోయాయని కాదు. బోను లేదన్న మాటకు ఆరుబయట తిరిగాయని అర్థం లేదు; కిక్కిరిసిన షెడ్డు కూడా కావచ్చు. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుట్టే మగ కోడిపిల్లలను గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే చంపడం రెండు పద్ధతుల్లోనూ జరుగుతుంది. జర్మనీ దాన్ని 2022 నుంచి నిషేధించింది.

చివరకు డజనుకు బదులు ఆరు గుడ్లున్న ఆ రెండో పెట్టె తీసుకున్నాను. మిగిలిన రోజుల మాంసకృత్తుల కోసం శనగలు చేర్చాను. మొత్తం ఖర్చు పెద్దగా పెరగలేదు. అయితే ఆ చౌక గుడ్డు ఒక్కటే బిడ్డకు బలమైన ఆహారంగా పెట్టగలిగిన తల్లిని ఎవరూ తప్పు పట్టకూడదు. బోనుల సంగతి చట్టం తేల్చవలసింది, ఆమె పర్సు కాదు.

పాల విషయంలో మాత్రం ఈ రోజు కూడా చౌకైన ప్యాకెట్టే తెచ్చాను. దూడను తల్లి నుంచి ఎన్నో రోజున వేరు చేశారో దాని మీద ఎక్కడా రాసి లేదు.