అతిథిగారు వచ్చారని ఆపేసిన పాట

మూడో చరణం వినకుండానే ఇంటికి రావాల్సి వచ్చింది. అది మనసులో మెదులుతూనే ఉంది, నిద్ర పట్టడం లేదు. ఈయన లైటు కళ్లలో పడుతోందని ముసుగు తన్ని పడుకున్నారు. అత్తయ్య గదిలో రేడియో ఇంకా మోగుతూనే ఉంది.

సాయంత్రం సభ గురించి మొన్ననే చెప్పాను, ఆడపిల్లల చదువు మీద పెట్టినది. పాటల బృందంలో ఐదుగురు, అందులో ఇద్దరు అమ్మాయిలు. నేను వెళ్లేసరికి వేదిక వెనక గోడ పక్కన ఎండుగడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. ఇద్దరిలో చిన్నమ్మాయి డప్పును మంటకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్యలో వేళ్లతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. నచ్చకపోతే మళ్లీ మంట దగ్గరికి. తోలు బిగిసి మోత కంగుమనేదాకా వదల్లేదు. లోపల నా కోసం కుర్చీ ఉంచారని ఎవరో వచ్చి పిలిచినా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఎవరూ చూడని చోట ఒక మనిషి తన పనిని అంత శ్రద్ధగా చేసుకోవడం చూస్తే నాకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

పాట మొదలైంది. బడి మాన్పించి పత్తి చేలో పనికి పంపిన పిల్ల కథ. మొదటి చరణంలో తండ్రి చేసిన అప్పు, రెండో చరణంలో పెళ్లిచూపులు. మూడోదానికి ముందు ఆ అమ్మాయి గొంతు తగ్గించి జనం వైపు రెండడుగులు వేసింది. ముందు వరుసలో కబుర్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే నిర్వాహకులలో ఒకరు పక్క నుంచి వచ్చి చెయ్యి ఊపారు. అతిథిగారి కారు వచ్చిందట. డప్పు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు ప్రసంగాలు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. చదువుకునే ఆడపిల్ల గురించి వేదిక మీద అందరూ మాట్లాడారు. దాని గురించే పాడుతున్న ఆడపిల్ల మెట్ల పక్కన నిలబడి ఉంది, ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. చివర్లో సమయం మించిపోయిందని నేరుగా వందన సమర్పణకు వెళ్లిపోయారు. సమయం ఉన్నా ఏం లాభం, అప్పటికి డప్పులు చల్లారి తోలు వదులైపోయి ఉంటుంది. మళ్లీ కాచుకునేదాకా ఎవరు ఆగుతారు?

ఉండబట్టలేక పాట ఆపించిన ఆ నిర్వాహకుణ్నే అడిగాను. "అదేమిటి మేడమ్, అతిథులు వచ్చేదాకా జనం కుదురుగా కూర్చోవాలనే కదా వాళ్లను పిలిచింది! వాళ్ల పని అయిపోయింది" అన్నారు. మర్యాదగానే అన్నారు. తనన్నదాంట్లో తప్పుందని ఆయనకు తోచనే లేదు, నాకు ఎక్కువ మండింది అందుకే. రాత్రి అన్నం సయించలేదు. కంచం ముందు నా ముఖం చూసి పెద్దది కూడా మాట్లాడకుండా తిని లేచింది.

వాళ్ల పని ఏమిటో నేను చిన్నప్పుడే చూశాను.

1991, నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. మా వీధి రాత్రి బడికి అమ్మ వాలంటీరు. లాంతరు చుట్టూ అమ్మ కంటే పెద్దవాళ్లు కూర్చుని అక్షరాలు దిద్దేవారు. నారు పీకి వచ్చిన చేతులు కదా, బలపం పట్టుకుంటే పుటుక్కున విరిగేది. ఒకనాడు ఊరికి కళాజాత వచ్చింది. పాటలతో, చిన్న చిన్న నాటికలతో ఊరూరా తిరిగే ఈ పద్ధతిని, సైన్సును జనంలోకి తీసుకెళ్లే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అనే సంస్థ 1980లో మొదలుపెట్టింది. మన దగ్గరికి వచ్చేసరికి మన పల్లెపదాల బాణీలన్నీ అందులో కలిశాయి. వచ్చినవాళ్లు పేరున్న నటులేమీ కారు. బడిపంతుళ్లు, కాలేజీ పిల్లలు, ఒక బస్సు కండక్టరు.

రామాలయం ముందు పెట్రోమాక్స్ లైటు పెట్టారు. తెర లేదు, వేదిక లేదు. నాటికలో సారా తాగే భర్త వేషం పక్క ఊరి పంతులుగారిది. ఆయన తూలుతూ వచ్చి, పెళ్లాం కొంగున ముడివేసుకున్న కూలి డబ్బుల కోసం చెయ్యి చాపారు. మా వీధి చివరి ఇంటి అత్త జనంలోంచి దిగ్గున లేచి, "ఇవ్వకే! కొంగు వదలకు!" అని అరిచింది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పంతులుగారు మాత్రం తూలడం ఆపేశారు. నిటారుగా నిలబడి, "ఎందుకివ్వకూడదు? నువ్వే చెప్పు" అని ఆమెను అడిగారు. నాటికలో లేని మాట అది. ఆమె కాసేపు తడబడి, తర్వాత చెప్పింది. సారా ప్యాకెట్టు ఎంతకు కొంటున్నాడో, పొయ్యి ఎన్ని పూటలు వెలగలేదో, పిల్లవాడి జ్వరానికి దాచిన డబ్బు ఏమైందో అన్నీ చెప్పింది. ఆమె భర్త వెనక అరుగు మీదే ఉన్నాడు. మెల్లగా నవ్వులు ఆగిపోయాయి. ఆమె కూర్చోగానే ఇంకొకామె లేచింది. ఆ తర్వాత మరొకామె. పంతులుగారు వేషం విప్పకుండానే కింద కూర్చుని విన్నారు. నాటిక మళ్లీ మొదలుపెట్టాలని ఎవరికీ అనిపించలేదు.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోసమ్మగారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఆ ఊరి కథ అక్షరాస్యత వాచకంలో పాఠం కూడా అయింది. పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు మనమూ అలా చేయలేమా అనుకున్నారు. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, రెండేళ్లకే సడలించారు, అది వేరే ఏడుపు.

ఇక్కడిదాకా ఒక్క ఊపులో రాశాను. పాట చేసింది ఇదంతా, ఆ నిర్వాహకులకు ఇది చూపించాలి అనుకుంటూ రాశాను. పంతులుగారిది ఏ ఊరో గుర్తురాక అమ్మకు ఫోను చేశాను. ఊరు పేరు చెప్పింది, ఇంకొక మాట కూడా చెప్పింది.

"పాట వల్లే అయిందని మాత్రం రాయకు. కూలి డబ్బు ఇంటికి రావడం లేదని మాకు ఒకరు పాడి చెప్పాలా? ప్రతి ఇంట్లో ఉన్నదే. ఎవరింట్లో వాళ్లం ఏడ్చేవాళ్లం."

మరి కళాజాత ఏం చేసినట్టు అని అడిగాను.

"రాత్రిపూట ఆడవాళ్లందరం ఒకచోట కూర్చోవడానికి వంక దొరికింది. నాటకం చూడ్డానికి పోతామంటే మీ నాన్నమ్మ కూడా పొమ్మంది. సారా మీద మాట్లాడుకోవడానికి మీటింగుకు పోతామంటే పోనిచ్చేదా?"

అప్పటి నుంచి ఆలోచన వేరే దారి పట్టింది. జనాన్ని కూర్చోబెట్టడానికే అన్నది ఆ నిర్వాహకులు చెప్పిన కారణం. అమ్మ చెప్పిందీ కూర్చోబెట్టడం గురించే. అయితే ఆ రాత్రి కూర్చున్నవాళ్లు లేచి మాట్లాడారు, వేషం వేసుకున్నవాళ్లు కూర్చుని విన్నారు. ఇవాళ సభలో కూర్చున్నవాళ్లకు చప్పట్లు కొట్టడం తప్ప వేరే పని లేదు. పాట పూర్తిగా పాడనిచ్చి ఉన్నా, తర్వాత జరిగేది ఆ ప్రసంగాలే అయితే, పెద్దగా తేడా ఉండేదా? సాయంత్రం నాకు వచ్చిన కోపం పాట ఆపినందుకు. ఇప్పుడు వస్తున్నది, వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరినీ నోరు విప్పనివ్వనందుకు.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఒకవైపు హాస్యం చెప్పేవాడు, మరోవైపు రాజకీయం చెప్పేవాడు ఉంటారు. రాజకీయం చెప్పేవాడు పాతకథ మధ్యలోనే నిన్న మొన్నటి సంగతి ఎత్తుతాడు, జనం మనసులో ఉన్న మాట పైకి అంటాడు. 1943లో పుట్టిన వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఆ చోటును గట్టిగా పట్టుకుంది. అందులోని బుర్రకథకుడు నాజర్ గారు బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి జనాన్ని ఏడిపించారు. ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయంటే పాలకులను భయపెట్టింది తంబురా కాదు, ఆ పక్కవాడి నోరు.

ఇంకొకటి కూడా తొలుస్తోంది. అక్షరాస్యత ఉద్యమానికి డబ్బు పెట్టింది ప్రభుత్వం. సారా మీద ఆదాయం వచ్చిందీ ప్రభుత్వానికే. తన ఆదాయానికే ఎసరు పెట్టే పాటకు తనే ఖర్చు పెట్టింది, అలా జరుగుతుందని ముందు ఊహించి ఉండదు. ఇప్పుడు ఎవరు పెడతారు? పథకాల ప్రచారానికి పాడే బృందాలను చూస్తే ఒకప్పుడు నాకు చిరాకు. ఆ చిరాకు ఇవాళ లేదు. గజ్జెలు, డప్పులు మోసుకుని రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు వచ్చిన పిలుపును కాదనలేరు. తెలంగాణలో 2014లో సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పెట్టి కళాకారులకు జీతాలిచ్చారు. నెల తిరిగేసరికి జీతం అందితే ఆ ఇళ్లలో పిల్లలు చదువుకుంటారు, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పాట మధ్యలో ఆగి ఎదుటివాళ్లను "నువ్వే చెప్పు" అనే స్వేచ్ఛ కూడా ఆ జీతంతో పాటు ఉండాలి. అది జీతం ఇచ్చేవాళ్లు తమంతట తాము ఇచ్చేది కాదు, వినేవాళ్లం మనమే పట్టుబట్టాలి.

వచ్చే నెల మా ఇంటి వెనక వీధి ఆడవాళ్లతో ఆ బృందాన్ని కలపాలని ఉంది. అతిథులు లేకుండా, మైకు లేకుండా. ఈయన ఒప్పుకుంటారు, అత్తయ్యే కాస్త సణుగుతారు.

ఫోను పెట్టేసే ముందు అమ్మ ఒకటి అడిగింది. "ఆ పిల్లలు అన్నం తిని వెళ్లారా? అప్పట్లో వంతులు వేసుకుని పెట్టేవాళ్లం. పంతులుగారు మన ఇంట్లోనే తిన్నారు." అతిథులకు లోపల భోజనాలు పెట్టడం చూశాను. ఆ ఐదుగురికి పెట్టారో లేదో తెలియదు. రేపు పొద్దున ఆ నిర్వాహకులకు ఫోను చేసి ముందు ఇదే అడుగుతాను, బృందం నంబరు కూడా తీసుకుంటాను. పెద్దదానికి పరీక్ష, ఐదింటికే లేపాలి. ఇక పడుకుంటాను.