నాలుగు థౌల ఖాళీ

ఈ ఉదయం ఆటోనగర్‌లోని లేత్ షాపుకు వెళ్ళేసరికి మేస్త్రి గారు నా బుల్లెట్ మోటారుసైకిలు బ్యారల్‌ను, అంటే ఇంజను సిలిండరును, బోరింగ్ మిషను మీదికి ఎక్కిస్తున్నారు. కొత్త పిస్టన్ ఇంకా నా సంచిలోనే ఉంది. "అర మిల్లీ ఓవర్‌సైజే కదా సార్, ఆ కొలత నాకు కొట్టిన పిండి" అన్నారాయన. కొట్టిన పిండే కావచ్చు గానీ, డబ్బా మీద ఒకే సైజు అచ్చు వేసి ఉన్న రెండు పిస్టన్లు మైక్రోమీటరు కింద ఒకే కొలత చూపించవని ఆయనకు నాకంటే బాగా తెలుసు. పిస్టన్ బయటికి తీసి ఇచ్చి, దాన్ని కొలిచాకే కోయమని బతిమాలాను. ఆయన విసుక్కోలేదు, మిషను ఆపి టీ చెప్పారు.

బండి 2004 మోడల్ 350, కుడికాలి గేరుది, పాత క్యాస్ట్ ఐరన్ ఇంజనుది. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన నాటి 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఇందులోనూ మారలేదు. విజయవాడ నుంచి శ్రీశైలానికి, అరకుకు, లంబసింగికి ఇద్దరు మనుషులనూ సామానునూ మోస్తూ ఘాట్లు ఎక్కిన ఇంజను ఇది. కొంతకాలంగా ఆయిల్ తాగుతోంది; దిగువలో థ్రాటిల్ వదిలి మళ్ళీ అందుకున్నప్పుడు సైలెన్సరు నీలం పొగ వదులుతోంది; వీటికి తోడు అడుగు నుంచి బొంగురుగా ఒక చప్పుడు మొదలైంది. పైకొట్టుడు రాకర్లదో పిస్టన్‌దో అయితే సర్దుకుపోవచ్చు, అడుగుకొట్టుడు మాత్రం కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే కింది కొసది, అంటే బిగ్ ఎండ్‌ది. దానితో దూరాలు తిరగడం మంచిది కాదు కనుక ఇంజను మొత్తం విప్పించాను.

పాత బోరును పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిశల్లో డయల్ గేజితో కొలిచి చూస్తే, మొదటి రింగు ఆగి వెనుదిరిగే చోట కిందికంటే ఆరు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువ అరిగి ఉంది. అక్కడ వేడి ఎక్కువ, మండిన గ్యాసు ఒత్తిడి రింగును గోడకు అదిమి పట్టేదీ అక్కడే, పిస్టన్ క్షణంపాటు ఆగడం వల్ల ఆయిల్ పొర తెగేదీ అక్కడే. దీనికి తోడు ఎయిర్ ఫిల్టరు అంచు దగ్గర దుమ్ము చారలు కనిపించాయి. వడగట్టని గాలితో లోపలికి పోయే సన్నటి దుమ్ము, ఆయిల్‌లో కలిసి, గరుకు పేస్టులా ముందు పనిచేసేది కూడా సిలిండరు పైభాగం మీదే. కొత్త పిస్టన్‌కు పెట్టే ఖర్చులో చిన్న వంతు ఫిల్టరుకూ దాని రబ్బరు గొట్టానికీ ముందే పెడితే పిస్టన్ ఖర్చు చాలా ఏళ్ళు వెనక్కి పోతుంది.

అసలు చర్చ పిస్టన్‌కూ బోరు గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ గురించే నడిచింది. పిస్టన్ స్కర్టును, అంటే దాని కింది భాగాన్ని, రాడ్‌కు తగిలించే గడ్జన్ పిన్నుకు అడ్డదిశలో కొలిచి, దానికంటే బోరు రెండు థౌలు ఎక్కువ కోస్తే ఇంజను చప్పుడు లేకుండా మెత్తగా తిరుగుతుందని మేస్త్రి గారి వాదన. బండి తీసుకెళ్ళినవాడు మొదటి రోజే మెచ్చుకునేది ఆ మెత్తదనాన్నే కాబట్టి ఆయన వాదనలో వ్యాపారపరంగా తప్పేమీ లేదు. నేను నాలుగు థౌలు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, అడిగాను. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించే పాళ్ళు పోత ఇనుప బ్యారల్‌కు దాదాపు రెట్టింపు. పైగా బ్యారల్ రెక్కలకు గాలి తగులుతుంది, పిస్టన్ నెత్తిన మంట రగులుతుంది. మే నెల మధ్యాహ్నం, ఇద్దరితో, రెండో గేరులో ఘాట్ ఎక్కుతుంటే గాలి అంతంత మాత్రమే ఉండి వేడి మాత్రం నిండుగా ఉంటుంది. రెండు థౌల ఖాళీ అప్పుడు పూడిపోయి పిస్టన్ పట్టేస్తుంది. నాలుగు థౌలకు జరిమానా ఏమిటంటే, పొద్దున్నే స్టార్టు చేసిన మొదటి నిమిషంలో టకటకమనే శబ్దం. ఆ శబ్దాన్ని భరించగలనని చెప్పాక ఆయన తలూపి, "చప్పుడొస్తోందని మళ్ళీ నా దగ్గరికి రాకూడదు మరి" అని షరతు పెట్టి కోత మొదలుపెట్టారు.

రింగు రెండు కొసల మధ్య ఉండే మూతి ఖాళీ, బోరు అంగుళానికి నాలుగు థౌల లెక్కన మాకు పదకొండు థౌలు వచ్చింది. రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతోనే సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజి ఆకు దూర్చి చూశాం. పై రింగు తొమ్మిది దగ్గరే ఆగింది, సన్న ఆకురాయితో రెండు థౌలు తీశాం. వేడికి రింగు మూతులు ఒకదానితో ఒకటి తగులుకుంటే రింగు విరిగి బోరును గీస్తుంది కాబట్టి ఈ పని ఓపికగా చేయవలసిందే.

కోత తర్వాత గోడను సానబట్టే హోనింగ్ రాళ్ళతో, ఒకదాన్నొకటి కోసుకునేలా, సుమారు 45 డిగ్రీల గీతలు పడతాయి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. ఎందరో సరిగా చేయనిది దాని తర్వాతి పని. బ్యారల్‌ను పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఇచ్చేయడం అన్నిచోట్లా చూసే అలవాటు. పెట్రోలు నూనెను కరిగిస్తుంది గానీ గీతల్లో ఇరుక్కున్న రాతిపొడి అక్కడే ఉండిపోతుంది. ఇంటికి తెచ్చి వేడి నీళ్ళూ బట్టల సబ్బూ పెట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దాను. పాత తెల్ల పంచె ముక్కకు కాస్త ఆయిల్ అద్ది లోపల తిప్పితే బూడిదరంగు పట్టీ వచ్చింది. మళ్ళీ కడిగాను, మళ్ళీ కొంచెం వచ్చింది. గుడ్డ తెల్లగానే బయటికి వచ్చేవరకు కడిగి, వెంటనే ఆరబెట్టి, తుప్పు పట్టకుండా ఆయిల్ పూసి పాలిథిన్ సంచిలో కట్టాను. మా ఆవిడ బట్టల సబ్బు ఎక్కడికి పోయిందని అడిగింది.

క్రాంకు పని నిన్ననే పూర్తయింది. ఈ ఇంజనులో బిగ్ ఎండ్‌కు రోలర్లు ఉండవు. రాడ్‌కూ పిన్‌కూ మధ్య రెంటిలో దేనికీ బిగించకుండా విడిగా తిరిగే ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. రోలర్ రాడ్ వేసుకోమని మెకానిక్ బాబాయ్ పోరు పెట్టాడు. రోలరు తక్కువ ఆయిల్‌తోనూ బతుకుతుందన్న మాట నిజమే. నేను నడిపేది మాత్రం డెబ్భై, ఎనభై వేగంతో, ఆయిల్ వేళకు మారుస్తూ. ఆ వాడకానికి బుష్ చాలు, పైగా ఏ ఊళ్ళో ఆగిపోయినా దాని సంగతి తెలిసిన మనిషి దొరుకుతాడు. రెండు ఫ్లైవీల్స్ బిగించి డయల్ గేజి కింద తిప్పితే ముల్లు అయిదు థౌలు ఊగింది. బాబాయ్ రాగి సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ రెండు థౌల లోపలికి తెచ్చాడు. ఇంజను వణుకు తగ్గేదీ, మెయిన్ బేరింగులు ఎక్కువ కాలం మన్నేదీ ఆ దెబ్బల వల్లే.

బుష్ బతుకంతా ఆయిల్ మీద ఆధారపడినది కనుక మధ్యాహ్నమంతా ఇంజను పక్కనుండే టైమింగ్ కవరు దగ్గర గడిపాను. పంపు నుంచి ఆయిల్ కవరులోని ఫెల్టు ఫిల్టరు గుండా వచ్చి, క్రాంకు చివర నుంచి లోపలికి దూరి బిగ్ ఎండ్ చేరుతుంది. క్రాంకు ఆయిల్ అందుకునే ఆ చివర, కవరుకూ దానికీ మధ్య, చిటికెనవేలి గోరు మీద పట్టేంత చిన్న కార్కు సీలు ఒకటి ఉంటుంది. అది ఎండి పలచబడితే పంపు ఎంత బాగా పనిచేసినా ఆయిల్ పక్కకు కారిపోతుంది, బిగ్ ఎండ్‌కు మిగిలింది చేరుతుంది. పాతదాన్ని గోటితో తాకితే బిస్కెట్ పొడిలా రాలింది. కవరు తీసిన ప్రతిసారీ మార్చవలసిన ఈ కార్కును మార్చకుండానే కవరు మూసి, కొన్నాళ్ళకు క్రాంకు పోయిందని చెప్పే షాపులు తక్కువేమీ కాదు. కొత్త దాన్ని ఆయిల్‌లో నానబెట్టి ఉంచాను. పంపులను తిప్పే వార్మ్ నట్టుకు ఎడమ మర ఉంటుందని బాబాయ్ రెండుసార్లు గుర్తుచేశాడు. అది తెలియక బలంకొద్దీ తిప్పిన వాళ్ళ కథలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి.

బుల్లెట్ అన్నాక ఆయిల్ కారాల్సిందే అనే మాట నాకు నచ్చదు. క్రాంక్‌కేసులో ఒత్తిడి బయటికి పోయే రబ్బరు బాతుముక్కు వాల్వు గట్టిపడితే, ఆ ఒత్తిడి ప్రతి ప్యాకింగునూ తోస్తుంది. మేం చేసిందల్లా ఆ రబ్బరు ముక్కను మార్చడం, కేసు అంచులను గాజుపలక మీద పెట్టి సమం చూడడం.

హై కంప్రెషన్ పిస్టన్, పెద్ద కార్బురేటరు, ఖాళీ సైలెన్సరు వగైరాలు వద్దన్నాను. 4000 ఆర్‌పీఎం దగ్గరే ఈ పొడవాటి స్ట్రోకులో పిస్టన్ సగటు వేగం సెకనుకు 12 మీటర్లు. ఇంకా పైకి తిప్పించే మార్పులన్నీ ఆయుష్షులోంచి తీసి ఇచ్చేవే. మార్పు చేసింది కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్ ఒక్కటే, ఒక సైజు పెంచాం: ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉండడంతో మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. కార్బురేటరులోని రబ్బరు ముక్కలనూ పనిలో పనిగా మార్చాం.

సోమవారం బ్యారల్, హెడ్ ఎక్కుతాయి. మొదటి వంద కిలోమీటర్లకు ఆయిల్ దించి చూడాలి, అందులో లోహపు పొడి ఎంత ఉందో వేళ్ళ మధ్య రుద్దితే తెలుస్తుంది. ఆ తర్వాత అయిదు వందలకు మళ్ళీ ఆయిల్, ఫిల్టరు, ట్యాపెట్లు, హెడ్ బోల్టుల బిగింపు. ఆ లోపల ఒకే వేగంతో హైవేలో సాగదీయకుండా, గేర్లు మార్చుకుంటూ, ఇంజను మూలిగే స్థాయికి లాగించకుండా, గన్నవరం దాకానో కంకిపాడు దాకానో వెళ్ళి రావడమే. లంబసింగి వెళ్దామని స్నేహితులు డిసెంబరు తేదీలు అడుగుతున్నారు, ట్యాపెట్లు రెండోసారి చూసుకున్నాక చెబుతానన్నాను.